జబ్బ లోపలి వైపు ఓసారి చూసుకోండి

ఈ నెల ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తోచింది. రాసినవాళ్లలో చాలామంది ముప్పైలోపు వాళ్లే. అడిగిందేమో ముడతల గురించి! 1994లో నేను గుంటూరులో చర్మం డాక్టరుగా ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆ వయసు వాళ్లు మొటిమలకీ, తామరకీ తప్ప నా గది గుమ్మం తొక్కేవాళ్లు కాదు. సరే, ముందుగా అడగడం మంచిదే. కానీ ఆ ముందుచూపు ఎటు పోతోందో మొదటి ఉత్తరం చూస్తే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నా వయసు 24. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇన్‌స్టాలో చూసి విటమిన్ సి సీరం, నియాసినమైడ్, రెటినాల్, రెండు రకాల యాసిడ్లు కొన్నాను. నెలకి ఆరు వేల దాకా అవుతోంది. రెండు నెలలుగా బుగ్గలు మండుతున్నాయి. సన్‌స్క్రీన్ జిడ్డుగా ఉంటుందని ఎండాకాలంలో మాత్రమే రాస్తాను. పాతికేళ్లు దాటితే చర్మాన్ని బిగుతుగా ఉంచే కొల్లాజెన్ తగ్గిపోతుందంటున్నారు. ఇప్పటి నుంచే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నా కూతురి కంటే చిన్నదానివి, నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు. ముందు ఓ పని చెయ్యి. కిటికీ దగ్గర నిలబడి నీ ముంజేతి పైభాగం చూడు. తర్వాత చెయ్యి పైకెత్తి జబ్బ లోపలి వైపు, చంకకి కాస్త కింద చూడు. ఆ రెండు చోట్ల చర్మం ఒకే రోజు పుట్టింది. అయినా రంగులో, నునుపులో ఎంత తేడా ఉందో గమనించు. నీకింకా ఇరవై నాలుగే కాబట్టి తేడా కొంచెమే కనిపిస్తుంది. మీ అమ్మ చేతికి చూడు, ఇంకా బాగా తెలుస్తుంది.

నాకీ పాఠం మెడికల్ కాలేజీలో కాదు, మా అమ్మమ్మ దగ్గర వచ్చింది. ఆవిడ నలభై ఏళ్లు మిరప చేలో పనిచేసింది. డెబ్భై దాటాక మంచాన పడితే నేనే ఒళ్లు తుడిచేదాన్ని. మెడ, ముంజేతులు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి ఉండేవి. రవిక చేతి అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయేది అదంతా. రవిక కింద భుజం మాత్రం నున్నగా, నలభై ఏళ్ల మనిషి భుజంలా ఉండేది. మనం వయసు అని పిలిచేదాంట్లో ఎంత భాగం ఎండో ఆ రోజు చూశాను.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫోటో అచ్చయింది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికా డ్రైవరుది. కుడి బుగ్గ మామూలుగా ఉంటుంది. ఎడమ బుగ్గ మాత్రం దానికంటే బాగా ముసలిది. అక్కడ డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు కదా, కిటికీ ఎండ అంతా ఆ బుగ్గకే తగిలింది. కారు పక్క అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీ-బిని చాలావరకు ఆపుతుంది కానీ, కొల్లాజెన్‌ని దెబ్బతీసే ఇంకో రకం, యూవీ-ఎ కిరణాల్లో చాలా భాగం లోపలికి వచ్చేస్తుంది. మనకి స్టీరింగు కుడి పక్కన. వారానికి మూడు రోజులు తెనాలి క్లినిక్‌కి కారు నడుపుకుంటూ వెళ్లిన నా కుడి చేతి మీద ఎడమ చేతి కంటే మచ్చలు ఎక్కువ. చర్మం డాక్టర్ని అయ్యుండి నలభై వచ్చేదాకా సన్‌స్క్రీన్ ముట్టలేదు మరి. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చినప్పుడు గానీ బుద్ధి రాలేదు.

మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవాళ్లతో పోలిస్తే ముడతలు ఆలస్యంగా వస్తాయి. మనకి వయసు మొదట రంగులో కనిపిస్తుంది. మంగు, కళ్ల చుట్టూ నలుపు, చెంపల మీద చిన్న చిన్న చుక్కలు. వీటన్నిటినీ పెంచేది ఎండే.

ఎండాకాలంలోనే రాస్తానన్నావు. ఆస్ట్రేలియాలో నాంబోర్ అనే ఊళ్లో 55 ఏళ్లలోపు వాళ్లు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. కొందరిని రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మిగతావాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసినవాళ్ల చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనిపించింది. ఆ ఇష్టానికి వదిలేసిన గుంపులో నువ్వు ఉన్నావు ఇప్పుడు.

కాబట్టి ఆ సీరాలన్నీ ఒక డబ్బాలో పెట్టి అటక ఎక్కించు. బుగ్గలు మండుతున్నాయంటే చర్మం పైపొర దెబ్బతింది. నెల రోజులు మూడే వస్తువులు వాడు. రాత్రి మొహం కడగడానికి పెద్దగా నురగ రాని క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, పొద్దున సన్‌స్క్రీన్. మాయిశ్చరైజర్ మొహం తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 చాలు. సరిగ్గా రాస్తే అది యూవీ-బిలో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి అంత డబ్బు పెట్టనక్కర్లేదు. దాని పక్కన పీఏ అని, ప్లస్ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడు, అది యూవీ-ఎ లెక్క. జిడ్డు అనిపిస్తే జెల్ రకం తీసుకో. మంగు ఉన్నవాళ్లయితే లేత రంగు కలిపిన సన్‌స్క్రీన్ వాడితే మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా అడ్డుకుంటుంది.

అసలు తప్పు జరిగేది కొలతలో. పెళ్లిలో పన్నీరు చల్లినట్టు రెండు చుక్కలు రాసి, పని చేయలేదంటారు. చూపుడు వేలు, మధ్య వేలు మీద మొదలు నుంచి చివరిదాకా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకి సరిపోతుంది. బయటే తిరిగే పనైతే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. స్కూటీ మీద వెళ్లేప్పుడు మన ఆడపిల్లలు మొహానికి చుట్టే చున్నీని చూసి నవ్వేవాళ్లుంటారు, నవ్వనీ. నేత దట్టంగా ఉన్న ముదురు రంగు నూలు చున్నీ మంచి రక్షణ. పల్చటి షిఫాన్ కాదు. ఇంకో చిట్కా: నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే ఆ ఎండ గట్టిదని లెక్క.

ఇక రెటినాల్. విటమిన్ ఎ నుంచి వచ్చే ఆ కుటుంబంలో పెద్దది ట్రెటినోయిన్, మొదట మొటిమల మందు. వాడినవాళ్ల మొహం మీద ముడతలు తగ్గడం చూసి దాన్ని ముడతలకీ వాడటం మొదలుపెట్టారు. పని చేసే మందే, కానీ నీకిప్పుడు తొందర లేదు. కొల్లాజెన్ ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది, పాతికో పుట్టినరోజు మర్నాడు కూలిపోదు. తర్వాతెప్పుడైనా మొదలుపెడితే వారానికి రెండు రాత్రులు, బఠాణీ గింజంత. పిల్లల కోసం ప్రయత్నించేటప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు మాత్రం పూర్తిగా మానేయాలి.

ప్రశ్న: మా అమ్మాయికి 21. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం. ఛాయ కోసం మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. మొదటి నెలలో మొహం బల్బులా వెలిగింది. రెండేళ్లుగా వాడుతోంది. ఇప్పుడు ఒక రోజు మానితే ఎర్రగా కందిపోయి మండుతోంది, బుగ్గల మీద నూగు వెంట్రుకలు పెరిగాయి. వాడాలా, మానాలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది భూతద్దం పెట్టయినా చదవండి. మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ – వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. మీరు రాసిన లక్షణాలు అచ్చంగా స్టెరాయిడ్ వాడిన మొహానివే. వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాంటి మొహాలతో నా దగ్గరికి వస్తారు. మొదట్లో ఆ వెలుగు నిజమే. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదించి, రంగుని తగ్గించి చూపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, నాళాలు ఎర్రటి దారాల్లా పైకి కనిపిస్తాయి, మొటిమలు, నూగు వస్తాయి. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకి అరవై ఏళ్ల చర్మం కావాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, అలాగని కొనసాగించనూ వద్దు. ఈ వారంలోనే చర్మం డాక్టరుకి చూపించండి, ట్యూబు కూడా పట్టుకెళ్లండి. మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. కొన్ని నెలలు పడుతుంది, మధ్యలో మొహం ఇంకా ఎర్రబడి మీకు టెన్షన్ వస్తుంది. ఆ టెన్షన్‌లో మళ్లీ ట్యూబు తియ్యకుండా చూడటమే మీ పని. కంపెనీ పేరు, చిరునామా సరిగ్గా లేని ఫెయిర్‌నెస్ క్రీములకి కూడా మారకండి. వాటిలో కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఛాయ సంగతి నన్నడగలేదు, అయినా చెబుతాను. అమ్మాయి అసలు రంగు ఎంతో జబ్బ లోపలి వైపు చూస్తే తెలుస్తుంది. ఏ క్రీమూ న్యాయంగా దాన్ని దాటించలేదు. అంతకంటే తెల్లగా కావాలనే సంబంధాన్ని వెనక్కి పంపేయండి.

ప్రశ్న: వయసు 31. కూర్చుని చేసే ఉద్యోగం, రాత్రి షిఫ్టులు. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా అయింది. మా ఆవిడ నిమ్మచెక్కతోనూ, నైలాన్ పీచుతోనూ రుద్దుతోంది. పోవడం లేదు. చిన్న చిన్న పులిపిర్లు కూడా వచ్చాయి.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బాబూ, అది మురికి కాదు. ముందు ఆవిడ చేతిలోంచి పీచు లాగేసుకో. అలా రుద్దితే రాపిడికే చర్మం ఇంకా నల్లబడుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే కాలిన బొబ్బల్లాంటివి వచ్చి నెలల తరబడి మచ్చలుంటాయి. మా తరం సున్నిపిండి నలుగు కూడా మెత్తగా పెట్టాలి గానీ గోడకి సున్నం కొట్టినట్టు కాదు.

మెడ మీద మఖమల్‌లా మందంగా నల్లబడటం, దాంతోపాటు పులిపిర్లు – చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదని చర్మం చెప్పే కబురు అది. చక్కెర జబ్బు రావడానికి కొన్నేళ్ల ముందే కనిపించవచ్చు. నా దగ్గరికి మెడ తెల్లబరచమని వచ్చి, పరీక్ష చేయిస్తే షుగరు బయటపడినవాళ్లు ఎందరో. పరగడుపు షుగరు, గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సి పరీక్ష చేయించు. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుచుకో. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి.

క్రీము కంటే నీకు తిండి ముఖ్యం. రాత్రి రెండింటికి క్యాంటీన్‌లో సమోసా, కూల్‌డ్రింకు ఆపెయ్యి. కంచంలో అన్నం సగం చేసి ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, కూర పెట్టు. రోజూ నడువు, వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తు. కండ పెరిగితే చక్కెరని వాడుకునేది అదే. ఎముక బలం కూడా ముప్పై దగ్గరపడేదాకా కూడబెట్టుకుని, తర్వాత ఖర్చుపెట్టుకునే వ్యవహారం. నువ్వు సరిగ్గా ఆ గీత మీద ఉన్నావు. బరువు తగ్గేకొద్దీ మెడ దానంతటదే పల్చబడుతుంది. షిఫ్టు మార్చుకోవడం కుదరకపోతే పగలు పడుకునే గదికి నల్ల తెర కొట్టించు, ఫోను పక్క గదిలో పెట్టు.

ప్రశ్న: రోజుకి ఐదారు సిగరెట్లే. 28 ఏళ్లు. మొహం మీద ప్రభావం ఉంటుందా?
– విశాఖపట్నం

జవాబు: ఉంటుంది. సిగరెట్టు చర్మానికి రక్తం తగ్గిస్తుంది, కొల్లాజెన్‌ని తినేస్తుంది, పై పెదవి మీద నిలువు గీతలు వేస్తుంది. మీ వైపు శ్రీకాకుళం దాకా అడ్డచుట్ట తాగే పెద్దావిడలని చూసే ఉంటారు, నిప్పు కొస నోట్లో పెట్టుకుంటారు. వాళ్ల అంగిలి చూశాక నాకు సిగరెట్టు మీద జోకులు వెయ్యబుద్ధి కాదు. ఐదారే కదా అంటున్నారు కాబట్టి మానడం కూడా తేలికే అయ్యుండాలి.

ప్రశ్న: సన్‌స్క్రీన్ రాస్తే విటమిన్ డి రాదు కదా? కొల్లాజెన్ పొడి తాగవచ్చా?
– ఒంగోలు

జవాబు: మనం రాసుకునే పద్ధతికి విటమిన్ డి ఏమీ ఆగిపోదు. మనలో చాలామందికి అది తక్కువే, కానీ సన్‌స్క్రీన్ వల్ల కాదు, ఇంట్లోంచి బయటికి రాకపోవడం వల్ల. పరీక్షలో తక్కువ వస్తే డాక్టరు మాత్ర ఇస్తారు. దాని కోసం మొహాన్ని మాడ్చుకోకండి. పొడి సంగతంటారా, కడుపులోకి వెళ్లాక అదీ మిగతా మాంసకృత్తుల్లాగే ముక్కలవుతుంది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

ప్రశ్న: నాకు 61. మా మనవరాలు తన సన్‌స్క్రీన్ నన్ను కూడా రాసుకోమంటోంది. ఈ వయసులో దేనికి?
– ఒక తాతగారు, నర్సరావుపేట

జవాబు: రాసుకోండి. పొద్దున్నే పేపరు చదువుతూ అరుగు మీద కూర్చుంటారు కదా, ఆ ఎండ మీ మచ్చల్ని రోజూ కొంచెం పెంచుతోంది. ఇప్పుడు ఆపినా కొత్తవి తగ్గుతాయి. చెవుల మీద, బట్టతల ఉంటే దాని మీద కూడా రాయండి, మగవాళ్లు అక్కడే మర్చిపోతారు. రెండు వేళ్ల కొలత లెక్కన మీ మనవరాలి సీసా నెలకే ఖాళీ అవుతుంది. ఇంకోటి కొనిపెట్టడం మీ వంతు.