తొలి పోటీలో తడబాటు

ప్రశ్న: మూడు నెలలుగా వాలీబాల్ నేర్చుకుంటున్నాను. సాధనలో చక్కగా అందుకునే సర్వీసులను తొలి పోటీలో వరుసగా నాలుగు చేజార్చాను. పైగా నా స్థానం మరిచిపోవడంతో ప్రత్యర్థికి ఒక పాయింటు దక్కింది. జట్టుకు భారమయ్యానా?

జవాబు: కొత్త ఆటగాణ్ని గుర్తించి అతని వైపే సర్వీసు చేయడం ప్రత్యర్థులు పన్నే మామూలు ఎత్తుగడే కాబట్టి, ఆ నాలుగూ మీ దగ్గరికి రావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. బంతి గాలిలోకి లేచాక కాక, సర్వీసు చేసేవారి భుజమూ చేయీ తిరిగే తీరును ముందే గమనిస్తే, కాళ్లు కదపడానికి మీకు కొంత వ్యవధి చిక్కుతుంది. ‘నాది’ అని గట్టిగా అరవడానికి మొహమాటపడకండి. కొత్తవారు ఎక్కువగా తప్పేది అక్కడే.

ఇక స్థానం సంగతి. ప్రత్యర్థి నుంచి సర్వీసు దక్కిన ప్రతిసారీ ఆరుగురూ గడియారపు ముల్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరుగుతారు. అంకెలు గుర్తుపెట్టుకోవడం కన్నా, మీ కుడి ఎడమల, ముందు వెనుకల ఎవరున్నారో చూసుకోవడం తేలిక. ప్రత్యర్థి సర్వీసు కొట్టే క్షణం వరకే ఆ వరుస తప్పకూడదు, ఆ తర్వాత ఎటైనా కదలవచ్చు. సెట్టుకు 25 పాయింట్లు, అదీ రెండు పాయింట్ల ఆధిక్యంతో గెలవాల్సిన ఆటలో, మీరు పోగొట్టిన అయిదింటితోనే జట్టు ఓడిందనడం నాకు సబబుగా తోచదు. వచ్చే పోటీకి తప్పక వెళ్లండి.