టెక్ సందేహాలు: 249 గ్రాముల డ్రోన్, పార్కులో జనం

ఈ వారం వచ్చిన ప్రశ్నలన్నీ డ్రోన్ల గురించే. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పాఠకులు అడిగినవి ఇవి.

బరంపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: 249 గ్రాముల డ్రోన్ కొన్నాను. లైసెన్స్ అక్కర్లేదని షాపులో చెప్పారు. ఆదివారం సాయంత్రం రామలింగం చెరువు దగ్గరి పార్కులో ఎగరేస్తే వాచ్‌మన్ ఆపేశాడు. పిల్లలు ఆడుకునే చోట ఇదేంటని ఒక పెద్దాయన కోప్పడ్డారు. రూల్ ప్రకారం నాది తప్పా?

తప్పే. షాపువాళ్లు మీకు సగమే చెప్పారు. 2021 ఆగస్టు నుంచి మన దేశంలో డ్రోన్ రూల్స్, 2021 నడుస్తున్నాయి. 250 గ్రాముల వరకు ఉన్నవి నానో డ్రోన్లు. వీటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. కానీ రిజిస్టర్ చేసి యూఐఎన్, అంటే ఆ డ్రోన్‌కు మాత్రమే ఇచ్చే గుర్తింపు నంబరు, తీసుకోవాలి. మనుషులకు గానీ ఆస్తికి గానీ ప్రమాదం కలిగేలా ఎగరేయకూడదన్న నిబంధన ఏ బరువు డ్రోన్‌కైనా ఒకటే. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉండొచ్చు. నిర్లక్ష్యంతో ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద కేసు కూడా పెట్టొచ్చు.

మీరు విదేశీ యూట్యూబర్ల వీడియోలు చూసే ఉంటారు. 250 గ్రాముల లోపైతే మనుషుల మీదుగా ఎగరేయొచ్చని వాళ్లు చెప్పేది వాళ్ల దేశాల సంగతి. అక్కడ కూడా షరతులున్నాయి. యూరప్‌లో గుంపుగా ఉన్న జనం మీదుగా అసలు కుదరదు. అమెరికాలో మనుషుల మీదుగా ఎగరాలంటే, ఆ బరువులో కూడా, చర్మం కోసేలా తిరిగే రెక్కలు బయటకు ఉండకూడదు.

ఇక బరువు సంగతి. 30 మీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువు పడినా, గాలి అడ్డుకోవడాన్ని పక్కన పెడితే, నేల తాకేసరికి వేగం గంటకు 85 కిలోమీటర్లు దాటుతుంది. పావు కిలో వస్తువు ఆ వేగంతో పసిపిల్ల తల మీద పడితే ఏమవుతుందో ఊహించండి. నాలుగు రెక్కల డ్రోన్‌కు ఒక్క మోటారు ఆగినా గాల్లో నిలవడం కష్టం, తిరుగుతూ కింద పడుతుంది. అందుకే నన్నడిగితే, కింద ఒక్క మనిషి ఉన్నా అటు పోనివ్వకండి. ఎన్ని మీటర్ల దూరం అని రూల్ పుస్తకంలో వెతకొద్దు. డ్రోన్ ఇప్పుడే ఆగిపోతే ఎక్కడ పడుతుంది, అక్కడ ఎవరున్నారు అని ప్రతి నిమిషం చూసుకోండి.

పార్కులో ఇంకో చిక్కుంది. సిగ్నల్ పోయినా, బ్యాటరీ తగ్గినా జీపీఎస్ ఉన్న డ్రోన్ తనంతట తానే బయలుదేరిన చోటికి తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చే ఎత్తు చెట్లకంటే, లైటు స్తంభాలకంటే తక్కువగా సెట్ చేసి ఉంటే నేరుగా కొమ్మల్లోకి దూరుతుంది. ఎగరేసే ముందే ఆ ఎత్తు మార్చండి, జీపీఎస్ లాక్ అయ్యేదాకా ఆగండి. జీపీఎస్ లేని బొమ్మ డ్రోన్లనైతే చిన్న గాలి కూడా పక్కకు లాక్కుపోతుంది, వాటిని పార్కుకు తేనేవద్దు.

డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్‌లో గ్రీన్ జోన్ అంటే 400 అడుగుల దాకా విమానయాన శాఖ అనుమతి అడగక్కర్లేదని మాత్రమే. పార్కులో ఎగరేయడానికి దాన్ని నడిపేవాళ్ల అనుమతి వేరు. వాచ్‌మన్ ఆపడం సరైనదే. తెల్లవారుజామున, ఊరి బయట ఖాళీ మైదానంలో నేర్చుకోండి.

బరంపురం నుంచే మరొకరు: ఠకురాణి యాత్రలో డ్రోన్‌తో వీడియో తీయొచ్చా?

మీరు తీయకండి. రెండేళ్లకోసారి వచ్చే పండగ, వీధుల్లో అడుగు పెట్టే చోటుండదు. అలాంటి సమయాల్లో ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్‌గా, అంటే అనుమతి లేనిదే ఎగరేయకూడని చోటుగా, ప్రకటించొచ్చు. నిన్న పచ్చగా ఉన్న మ్యాప్ ఇవాళ ఎర్రగా ఉండొచ్చు కాబట్టి ఎప్పుడు ఎగరేసినా అదే రోజు చూసుకోవాలి. మ్యాప్ పచ్చగానే ఉన్నా, కింద అంతమంది ఉన్నప్పుడు వద్దు. మేడ మీద నిలబడి ఫోన్‌తో జూమ్ చేసి తీసినా యాత్ర అందంగానే వస్తుంది. యాత్ర కాకుండా, జయపురం వైపు వెళ్లి వీడియోలు తీసేవాళ్లు అక్కడి విమానాశ్రయం దూరం కూడా లెక్క చూసుకోవాలి. పనిచేసే విమానాశ్రయం చుట్టూ 8 కిలోమీటర్ల లోపు ఎంత తక్కువ ఎత్తులో ఎగరేయాలన్నా అనుమతి కావాలి.

పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి: సాయంత్రం మేం మేడ మీద ఉన్నప్పుడు ఒక డ్రోన్ వచ్చి ఆగుతోంది. ఎవరిదో తెలియదు. టెన్షన్‌గా ఉంది.

ఊరుకోకండమ్మా. డ్రోన్ వచ్చిన దిక్కు, తేదీ, సమయం రాసుకోండి, ఫోన్‌లో వీడియో తీయండి. డ్రోన్ ఆపరేటర్ సాధారణంగా దగ్గర్లోనే ఉంటాడు, అది తిరిగి ఎటు దిగుతుందో చూడండి. వాటితో పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, లేదా 112కు ఫోన్ చేయండి. మహిళ ఏకాంతంలో ఉన్నప్పుడు రహస్యంగా చిత్రీకరించడం న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. రాళ్లు మాత్రం వేయొద్దు, దెబ్బ తగిలి డ్రోన్ పడేది మీ పిల్లల మీదో, పక్కింటివాళ్ల మీదో.

రాయగడ నుంచి ఒకరు: మా బావగారు దుబాయ్ నుంచి వస్తూ డ్రోన్ తెస్తానంటున్నారు. తేవచ్చా?

వద్దు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు, డబ్బూ పోతుంది. ఆయన టికెట్ బుక్ చేసేలోపే ఫోన్ చేసి చెప్పండి.