ఒకే మెసేజ్ మూడు గ్రూపుల్లో

ప్రశ్న: మా చుట్టాల వాట్సాప్ గ్రూపులు మూడున్నాయండీ, ఒకే ఫార్వర్డ్ మూడింట్లోనూ వస్తుంది, కానీ మా అబ్బాయికి పనికొచ్చే ఉద్యోగం ఉందన్న సంగతి మాత్రం ఎప్పుడో ఏడాదికోసారి కనబడే పాత ఇంటి ఓనర్‌గారి వల్ల తెలిసింది. ఇదేం విడ్డూరం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విడ్డూరమేం లేదండీ. మూడింట్లో ఉన్నది దాదాపు ఆ పాతికమందే కదా, పిన్నిగారికి తెలిసింది బాబాయిగారికి ఎలాగూ తెలుసు, అందుకే వార్త అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది గానీ కొత్తది లోపలికి రాదు. ఓనర్‌గారిది వేరే గుంపు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే ఈ సంగతి రాశాడు, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే ఆ మనిషిని తరచూ కలుస్తామన్నవాళ్లు నూటికి 17 మందే, మిగతావాళ్లంతా ఎప్పుడో అప్పుడప్పుడే!

అలాగని చుట్టాల గ్రూపు దండగ అనుకోకండి. కొత్త అలవాటు మొదలెట్టాలంటే ఒకరు చెబితే మనం కదలం, నలుగురు చెప్పాలి. డామన్ సెంటోలా అనే మరో సోషియాలజిస్టు ఆన్‌లైన్‌లో చేసిన ప్రయోగంలో (2010) మీ చుట్టాల గ్రూపులా ఒకరికొకరు చిక్కగా అల్లుకున్న నెట్‌వర్క్‌లోనే అలవాటు త్వరగా పాకింది. పుకార్లకీ ఇదే బలం, నలుగురు పంపారు కదా నిజమే అనిపిస్తుంది, ఆ నలుగురికీ పంపింది ఒక్కరే అయినా సరే.

ఇంతకీ ఓనర్‌గారికి స్వీట్లు పంపారా లేదా?