జెంగ్ హెకు ముందు చైనా నావికులు దూర సముద్రాలకు వెళ్లలేదా?

వెళ్లారు. 1405లో మింగ్ చక్రవర్తి పంపిన నౌకాదళాధిపతి జెంగ్ హె బయలుదేరేనాటికి వారికి హిందూ మహాసముద్రం కొత్తేమీ కాదు. అయితే తొలి శతాబ్దాల్లో ఆ దారిలో ఎక్కువగా తిరిగినవి విదేశీ నౌకలే. 5వ శతాబ్దం ఆరంభంలో బౌద్ధ భిక్షువు ఫాహియాన్ సింహళం నుంచి స్వదేశానికి బయలుదేరింది 200 మందికి పైగా ఎక్కిన వర్తక నౌకలో. తుఫానుకు ఓడలోకి నీరు చేరితే వర్తకులు సరుకులను సముద్రంలోకి విసిరేశారు. ఆయనా తన కూజాను పారేశారు, గ్రంథాలను మాత్రం వదల్లేదు.

అసలు మలుపు సాంగ్ వంశ కాలంలో వచ్చింది. 1127లో ఉత్తర భూభాగం చేజారాక రాజ్యానికి దక్షిణ రేవుల సుంకాలు ప్రాణాధారమయ్యాయి. అప్పటికే నావికులు రాత్రి నక్షత్రాలను, పగలు సూర్యుణ్ణి, మబ్బు కమ్మితే దక్షిణం చూపే సూదిని నమ్ముకునేవారు. 1119 నాటి రచనలో ఈ మాట ఉంది.

నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా కనిపించేది ఆగ్నేయ చైనాలోని చువాన్‌జౌ రేవు దగ్గర 1974లో బురదలోంచి తవ్వితీసిన 13వ శతాబ్దపు ఓడ. దాని అడుగుభాగాన్ని 12 అడ్డగోడలతో 13 అరలుగా విభజించారు. ఒక అర చిల్లుపడినా నీరు మిగతావాటిలోకి సులువుగా పాకదు. అందులో సుగంధపు చెక్కలు, మిరియాలు దొరికాయి. అదే ఊళ్లో 1281 నాటి తమిళ శాసనమూ ఉంది. అంటే మన దక్షిణాది వర్తకులు అక్కడ స్థిరపడ్డారు.

1433 వరకు సాగిన జెంగ్ హె ఏడు యాత్రలు అపూర్వమైనవే, కానీ కాలికట్, హోర్ముజ్ దారులను ఆయన కొత్తగా కనిపెట్టలేదు.