ఊళ్లో ఖర్చు, ఇంట్లో లెక్క

పోయిన నెల ఈ శీర్షికలో నా పని గురించి ఒకే ఒక్క వాక్యం రాశాను. తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, స్వచ్ఛంద సంస్థలకు వచ్చే గ్రాంట్ల లెక్కలు చూస్తుంటానని. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పనిలోకి వచ్చి. 2020 మార్చి లాక్‌డౌన్ దాకా ఆఫీసులో చేశాను, అప్పటినుంచి ఇంట్లోంచే. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: బీకాం చదివాను. ఎనిమిదేళ్లు రైస్ మిల్లులో లెక్కలు రాశాను. బాబుకి రెండేళ్లు, రోజంతా బయట ఉండే వీల్లేదు. గ్రాంట్ మేనేజ్‌మెంట్ పని ఇంటి నుంచి చేయవచ్చా? అసలు అందులో ఏం చేస్తారు?
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: చేయవచ్చమ్మా. మిల్లులో లెక్కలు రాసిన చేతికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. ఎన్ని బస్తాల వడ్లు వచ్చాయి, బియ్యం ఎంత దిగింది, నూక ఎంత, తవుడు ఎంత అని రిజిస్టర్‌తో సరిచూసిన మనిషికి "ఇచ్చిన డబ్బు ఎటు పోయింది" అనే ప్రశ్న కొత్తదేం కాదు.

తేడా ఒకచోట ఉంది. మిల్లు డబ్బు యజమానిది, ఆయన ఇష్టం. గ్రాంటు డబ్బు ఒక మాట మీద వస్తుంది. ఫలానా మండలంలో నలభై మంది ఆడవాళ్లకు కుట్టు నేర్పుతాం, ఇరవై మిషన్లు కొంటాం, టీచరమ్మకు పది నెలల జీతం ఇస్తాం అని ఒప్పందం రాసుకుంటేనే వస్తుంది. మిషన్ల పద్దులో పాతికవేలు మిగిలాయి కదా అని వాటితో ఆఫీసు కరెంటు బిల్లు కట్టేయకూడదు. ముందు దాతకు రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోవాలి. బడ్జెట్ తయారు చేయడం, ఒప్పందంలోని షరతులు గుర్తుపెట్టుకోవడం, విడతల వారీగా డబ్బు తెప్పించడం, వోచర్లు, అంటే ఖర్చు చీటీలు, చూడటం, మూడు నెలలకోసారి రిపోర్టు, చివర్లో యూసీ, అంటే డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని ఇచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఆపైన ఆడిట్. పని ఇదే. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో కాస్ట్ సెంటర్లు, అంటే ఏ ఖర్చు ఏ దాత కిందకు వస్తుందో విడివిడిగా చూపే పద్దులు, పెట్టడం బాగా సాధన చేయండి. ఒకే టీచరమ్మ జీతంలో అరవై శాతం ఒక దాత, నలభై శాతం ఇంకో దాత ఇస్తుంటారు. పొరపాటున నూరు శాతం ఇద్దరి ఖాతాల్లోనూ చూపించామంటే ఆ సంస్థ పేరు పోతుంది.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది. విదేశీ డబ్బయితే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. అంతకుముందు పెద్ద సంస్థ ఒకటి డబ్బు తెచ్చి ఊళ్లలోని చిన్న సంస్థలకు పంచేది. ఆ పద్ధతి ఒక్కసారిగా ఆగిపోయి చిన్నవాళ్లు చాలా నలిగిపోయారు, నాకు ఇప్పటికీ బాధే. ఏటా డిసెంబరు 31 లోగా ఆ డబ్బు లెక్కల రిటర్ను ఎఫ్‌సీ-4 దాఖలు చేయాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బయితే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చదవండి. 2021 ఏప్రిల్ నుంచి సంస్థలు సీఎస్‌ఆర్-1 ఫారం కింద నమోదై ఉండాలి. కేంద్ర ప్రభుత్వ డబ్బయితే యూసీ ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో ఇవ్వాలి.

జీతం సంగతి కూడా చెప్పాలి. ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బులో పరిపాలన ఖర్చుకు 2020 వరకు యాభై శాతం దాకా వీలుండేది, ఇప్పుడు ఇరవై శాతమే. లెక్కలు రాసేవాళ్ల జీతం ఆ ఇరవైలోకే వస్తుంది. అందుకే చిన్న సంస్థ పూర్తికాలం మనిషిని పెట్టుకోలేదు. రెండు మూడు సంస్థలకు కొన్ని కొన్ని గంటలు చేసే మనిషికి అక్కడే చోటు దొరుకుతుంది, మీకది కుదురుతుంది కూడా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి ఏడాది పూర్తిగా ఇంట్లోంచి మొదలుపెట్టకండి. మీ దగ్గర్లో ఏదో ఒక సంస్థకు వారానికి రెండు రోజులు వెళ్లండి. వోచర్ ఎలా పుడుతుందో కళ్లారా చూడకపోతే, స్క్రీన్ మీద వచ్చిన వోచర్ మీకు అర్థం కాదు.

ప్రశ్న: "గ్రాంట్ ఆఫీసర్, వర్క్ ఫ్రమ్ హోమ్" అని టెలిగ్రామ్‌లో వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు 6,000 కట్టమంటున్నారు. కట్టనా?
– డిగ్రీ విద్యార్థి, తణుకు

జవాబు: కట్టకు నాన్నా. ఉద్యోగం ఇచ్చేవాళ్లెవరూ నీ దగ్గర డబ్బు తీసుకోరు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: నేను పాడేరు ఏజెన్సీలో ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. మా గ్రాంట్స్ ఆఫీసర్ మేడమ్ హైదరాబాద్‌లో ఇంట్లోంచి పనిచేస్తారు. సంతలో కొన్న కూరగాయలకు జీఎస్టీ బిల్లు అడుగుతారు. జీపుకి మూడు కొటేషన్లు కావాలంటారు, ఆ ఊరికి వెళ్లే జీపే ఒక్కటి. సిగ్నల్ లేని చోట ఉంటే "ఈరోజే పంపాలి" అని వరసగా మెసేజీలు. దొంగని చూసినట్టు చూస్తున్నారు. మానేయాలనిపిస్తోంది.
– పేరు రాయవద్దన్నారు

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మేడమ్ చేసిన తప్పు నేనూ చేశాను.

2021లో నేను చూసే ఒక సంస్థ మాచర్ల వైపు ఒక ఊళ్లో ఆడవాళ్లకు ఆరు రోజుల శిక్షణ పెట్టింది. ముప్ఫై మంది. హాజరు పట్టీలు స్కాన్ చేసి పంపారు. స్క్రీన్ మీద పెద్దవి చేసి చూశాను. ఆరు కాగితాలూ మడత లేకుండా తెల్లగా ఉన్నాయి. ఒకే నీలం పెన్ను. ముప్ఫై సంతకాలూ ఒకే వైపు వాలి ఉన్నాయి. "లక్ష్మి" అన్న పేరు నాలుగుచోట్ల ఉంటే నాలుగుచోట్లా "క్ష్మి" ఒకేలా మెలిక తిరిగింది. నాకు కోపం వచ్చింది. "ఈ హాజరు చెల్లదు, ఖర్చు కొట్టేస్తున్నాను" అని మెయిల్ రాసి డైరెక్టర్‌కి కూడా కాపీ పెట్టాను. ఫీల్డ్‌లో ఉన్న అమ్మాయి రెండు రోజులు జవాబివ్వలేదు.

మూడో రోజు బస్సెక్కి వెళ్లాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ట్రంకుపెట్టె తెరిచి, బట్టల కింద నుంచి పాలిథిన్ కవరొకటి తీసింది. అందులో ఉన్నాయి అసలు పట్టీలు. శిక్షణ నాలుగో రోజు వానలో తడిసిపోయాయి. సిరా పాకింది, వేలిముద్రల ఊదా రంగు చుట్టూ మరకలు కట్టింది, రెండు కాగితాలు అంటుకుని ఆరిపోయాయి. కానీ ముప్ఫై మందీ ఉన్నారు. పదకొండు వేలిముద్రలు, పంతొమ్మిది సంతకాలు, దేనికదే. "మరి ఇవెందుకు పంపలేదమ్మా" అంటే, "పోయినసారి బిల్లు మాసిపోయిందని వెనక్కి పంపారు కదా మేడమ్, మీరు తీసుకోరేమోనని మంచి కాగితం మీద రాశాను" అంది.

తిరగరాసి అందరి సంతకాలూ తనే పెట్టడం తప్పే, ఆ మాట ఆమెకు చెప్పాను. ఆ తప్పుకు దారి చూపింది మాత్రం నేనే. అక్కడే అసలు కాగితాలకు ఫొటోలు తీసి, జరిగింది ఒక పేజీలో రాసి, ఇద్దరం సంతకాలు చేసి ఫైల్లో పెట్టాం. ఆడిటర్ తడిసినవాటినే ఒప్పుకున్నారు. మెయిల్ ఎంతమందికి పెట్టానో అంతమందికీ మళ్లీ పెట్టి క్షమాపణ చెప్పాను.

ఇక మీ సంగతి. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు, సంతలో బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? సంస్థ తరఫున ఒక వోచర్ రాయండి. ఏం కొన్నారు, ఎన్ని కిలోలు, ధర ఎంత, సంత పేరు, తేదీ, అమ్మినావిడ సంతకమో వేలిముద్రో, పక్కన మీతో ఉన్న ఇంకొకరి సంతకం. ఎవరికి చెల్లించినా మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించండి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇవ్వకండి, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. జీపు విషయంలో, ఆ దారిలో తిరిగేది ఒక్కటేనని, పోయిన ఏడాది ఇంత ఇచ్చామని ఒక నోట్ రాసి మీ డైరెక్టర్‌తో సంతకం చేయించి ఫైల్లో పెట్టండి. ట్రిప్ షీట్‌లో కిలోమీటర్లు రాయించండి. పెట్రోలు బంకు బిల్లులు, బస్సు టికెట్లు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. తీసుకున్న రోజే ఫొటో తీసి, జిరాక్సు జతచేయండి.

సిగ్నల్ గురించి మేడమ్‌తో ఒక ఒప్పందానికి రండి. నెలలో ఫలానా రెండు రోజులు మీరు పాడేరులో కూర్చుని అన్నీ అప్‌లోడ్ చేస్తారు, మధ్యలో ఆవిడ అడగరు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు అవతల దాతలు తరుముతుంటారు. ఆ టెన్షన్ మీ ఫోన్లోకి దిగుతోంది. ఆవిడను మూడు రోజులు మీ ఊళ్లకు రమ్మనండి. ఒక్కసారి ఆ జీపెక్కితే ఇక కొటేషన్లు అడగరు. ప్రయాణానికి డబ్బు లేదంటే, తర్వాతి ప్రపోజల్లో "గ్రాంట్స్ ఆఫీసర్ ఫీల్డ్ పర్యటన" అని ఒక పద్దు పెట్టమనండి. నేను చూసే ప్రతి బడ్జెట్‌లోనూ అది పెట్టిస్తాను, ఇంతవరకు ఏ దాతా కాదనలేదు.

ప్రశ్న: అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుకి హైదరాబాద్ నుంచి రిమోట్‌గా గ్రాంట్స్ పని చేసేవాణ్ణి. 2025 జనవరిలో నిధులు ఆపేశాక ఉద్యోగం పోయింది. నేర్చుకున్నదంతా వృథాయేనా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: కాదండీ. జనవరి 20న విదేశీ సాయం ఆపమన్న ఉత్తర్వు వచ్చాక, మీలాంటి వాళ్లు ఎందరో ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. జులై 1 నాటికి అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ విదేశీ సాయం నడపడమే ఆపేసింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటుందని కూర్చోకండి.

మీకు వచ్చిన పని మాత్రం ఎక్కడికీ పోదు. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లకు వర్తించే 2 సీఎఫ్‌ఆర్ 200 నిబంధనలతో లెక్కలు నడిపిన మనిషికి ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు, ఎవరి వాటా ఎంత అన్నది కొట్టినపిండి. ఇక్కడి సీఎస్‌ఆర్ ప్రాజెక్టుల్లో అదే కొరవడింది. మీరు కొత్తగా నేర్చుకోవలసింది ఇక్కడి చట్టాలే. ఒక ఉదాహరణ. సీఎస్‌ఆర్‌లో పరిపాలన ఖర్చు ఐదు శాతం మించకూడదని అందరూ అంటుంటారు. ఆ హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం మీద పెట్టుకునే ఖర్చుకు. పనిచేసే స్వచ్ఛంద సంస్థ జీతాలకూ అద్దెకూ కాదు. ఇది తెలియక ఎన్నో సంస్థలు అడగాల్సిన డబ్బు అడగకుండా అకౌంటెంట్‌కి జీతం ఇవ్వలేక బాధపడుతున్నాయి. ఈ ఒక్క విషయం కాగితం మీద వివరించగలిగితే వాళ్లే మిమ్మల్ని వదలరు. మళ్లీ చేరేటప్పుడు మాత్రం ఒకే దాత మీద నడిచే సంస్థ అయితే ఆలోచించండి.

ప్రశ్న: ఇంట్లోంచి గ్రాంట్స్ పని చేస్తాను. "ఇంట్లోనే ఉందిగా" అని అత్తయ్యగారు బంధువులను పిలుస్తారు, పిల్లలు నా ల్యాప్‌టాప్‌లోనే గేములు ఆడతారు. మార్చి వచ్చిందంటే ఏడుపొస్తుంది.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు ల్యాప్‌టాప్ సంగతి చూడండి, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అందులో లబ్ధిదారుల ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతాలు, చిన్నపిల్లల ఫొటోలు ఉంటాయి. మనల్ని నమ్మి ఇచ్చినవి. ఈరోజే వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఫీల్డ్ వాళ్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలు మీ ఫోన్ గ్యాలరీలో ఇంట్లో అందరికీ కనిపిస్తాయి. ఆ సెట్టింగు తీసేసి, అంతా సంస్థ డ్రైవ్‌లోకి మార్చండి. సెక్రటరీగారి బ్యాంకు ఓటీపీలు, డిజిటల్ సంతకం డాంగిల్ మీ దగ్గర పెట్టుకోమని ఎవరు బతిమాలినా ఒప్పుకోకండి.

అత్తయ్యగారి విషయంలో నాకు పనికొచ్చింది చెబుతాను. మా అత్తగారికి ఒకరోజు పక్కన కుర్చీ వేసి వోచర్లు చూపించాను. "ఇదిగో అత్తయ్యా, ఈవిడకి 2,400 రావాలి. నేను ఈరోజు సరిచూడకపోతే ఆవిడకి ఈ నెల డబ్బు పడదు" అన్నాను. ఆవిడ ఆ వేలిముద్రను చాలాసేపు చూశారు. తర్వాత ఎవరైనా వస్తే "కోడలు లెక్కలు చూస్తోంది, ఇటు రండి" అని వంటింట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టేవారు.

ఇక ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి సంగతి. జనవరిలోనే ఏ పద్దులో ఎంత మిగిలిందో ఫీల్డ్ వాళ్లకు ఒక పేజీ పంపండి. ఫిబ్రవరి ఆఖరుకల్లా అడ్వాన్సులన్నీ సెటిల్ చేయించండి. మార్చి 31న మీ చేతిలో బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే మిగలాలి. ఏప్రిల్ మొదటి వారంలో రెండు రోజుల సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకోండి.