మన కోస్తా ఊళ్ల నుంచి వెళ్లి యుద్ధాల్లో చనిపోయిన సైనికులను ఊరివాళ్లు ఎలా గుర్తుపెట్టుకుంటున్నారు?

సూటిగా చెప్పాలంటే, సరిగ్గా గుర్తుపెట్టుకోవడం లేదు. ఆగస్టు 15న బడి పిల్లల చేత జై జవాన్ అనిపించి చాక్లెట్లు పంచితే సరిపోదు. ఎవరు, ఎక్కడ, ఎలా పోయారో ఊళ్లో పదిమందికి తెలిసి ఉండాలి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊరి సంగతి వేరు. మిలిటరీ మాధవరం అని పేరే పడిపోయింది, అక్కడ స్మారకం ఉంది, తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న ఇళ్లున్నాయి. ఒక్కడే వెళ్లి ఆ ఒక్కడే పోయిన ఊళ్లు చూడండి. మాది అలాంటి ఊరు.

నేను ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. సొంతూరు నిజాంపట్నం వైపు, సముద్రం పక్కన. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ మా బాబాయి నేవీలో చేరినప్పుడు అదంతా గుంటూరు జిల్లానే. మాది వేట కుటుంబం. నాన్న అన్నదమ్ముల్లో ఆఖరివాడు బాబాయి. పాకిస్తాన్‌తో యుద్ధంలో, ఐఎన్ఎస్ ఖుక్రీ అనే యుద్ధనౌక మీద పనిచేస్తూ 1971 డిసెంబరు 9 రాత్రి పోయాడు.

ఆ రాత్రి డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ల దూరంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఖుక్రీని టార్పెడోతో, అంటే నీళ్ల కింద దూసుకొచ్చే ఆయుధంతో కొట్టింది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది పోయారు. 67 మంది బతికారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ మరొకరికి ఇచ్చేసి ఓడతోపాటే వెళ్లిపోయారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక శత్రువు దాడిలో మనం పోగొట్టుకున్న యుద్ధనౌక అదొక్కటే.

ఇది మన దగ్గర ఎంతమందికి తెలుసు? విశాఖ బీచ్‌లో నేవీ డే అంటే విజయవాడ నుంచి కూడా రైళ్లెక్కి వెళ్తారు. చాలామంది అది పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగినందుకు చేసే పండగ అనుకుంటారు. కాదు, 1971 డిసెంబరు 4న కరాచీ రేవు మీద మనవాళ్లు చేసిన దాడికి గుర్తుగా చేస్తారు. విశాఖలో విజయ స్మారకం ఉంది, ఉండాల్సిందే. కానీ అదే యుద్ధంలో, అయిదు రోజుల తేడాతో పోయిన 194 మంది కోసం ఆ జనంలో ఎంతమంది ఒక్క నిమిషం నిలబడతారు? గెలిచిన తేదీ మాత్రం గుర్తుపెట్టుకుని పోయినవాళ్ల తేదీ వదిలేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సముద్రంలో పోయినవాళ్లకు ఇంకో అన్యాయం ఉంది. సరిహద్దులో ఎవరైనా పోతే జెండా కప్పిన పేటిక ఊరికి వస్తుంది, దారి పొడవునా జనం నిలబడతారు, కలెక్టరు వస్తాడు, తుపాకులు పేలుస్తారు. మా ఇంటికి వచ్చింది టెలిగ్రాం. ఇంగ్లీషులో ఉంటే పోస్టుమాస్టరు చదివి చెప్పాడట. నాయనమ్మ కర్మ చేయనివ్వలేదు. దానికి ఆమె లెక్క ఆమెకుంది. గాలికి కొట్టుకుపోయి ఒరిస్సా ఒడ్డున తేలి, ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్నాక నడిచొచ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. పేటిక రాలేదు కదా, వస్తాడు అనేది. తర్వాత 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన మా వైపు కూడా వచ్చింది. ఆ టెలిగ్రాం, బాబాయి రాసిన ఉత్తరాలు, యూనిఫాంలో దిగిన ఒకే ఒక్క ఫొటో నీళ్లలో పోయాయి. మాకు మిగిలింది పేరొక్కటే. అందుకే పేరు విషయంలో నేను ఇంత పట్టుదలగా మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట ఊరి కుర్రాళ్లు, మా ఇంకో చిన్నాన్న కొడుకులు కలిసి హైస్కూల్లో శిలాఫలకం పెడదామన్నారు. చందాలు పోగయ్యాయి. సరిపోకపోతే ఒక నాయకుడు మిగతాది నేనిస్తానన్నాడు. రాయి దిగాక చూస్తే పైన ఆయన పేరు, దాని ముందు ఒక వరస బిరుదులు. దాని కింద దాతలు, ఎవరెంత ఇచ్చారో సహా. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో బాబాయి పేరు, అదీ ఇంటిపేరు తప్పుగా. ఓడ పేరు లేదు. నాకు కడుపు మండిపోయింది. కానీ డిసెంబరు 9 ముంచుకొచ్చింది, మార్చే వ్యవధి లేదు.

పది గంటలకు సభ అన్నారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అప్పటిదాకా పిల్లలు ఎండలో. ఆయన మైకు తీసుకుని కార్గిల్‌లో శత్రువును తరిమికొట్టిన వీరుడు అన్నాడు. 1971 ఎక్కడ, 1999 ఎక్కడ! ఎవరూ సరిదిద్దలేదు. నేను లేవబోతే మా అన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఆయన వెళ్లాక, షామియానా విప్పుతుండగా, రేపల్లె వైపు నుంచి ఒక పెద్దాయన టీవీఎస్ మీద వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. నేవీలో పనిచేసి రిటైరయ్యాడట, ఆ యుద్ధంలో పడమటి సముద్రం మీద వేరే ఓడలో ఉన్నాడట. పిలవలేదు, ఎవరో చెబితే విని వచ్చాడు. మైకు తీసేశారు, అందుకే మామూలుగానే మాట్లాడాడు. టార్పెడో అంటే ఏమిటో, నీళ్ల కింద నుంచి ఎలా వస్తుందో, తగిలాక దీపాలు పోతే ఓడ లోపల ఉన్నవాడికి నిచ్చెన దొరకడం ఎంత కష్టమో చెప్పాడు. కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు. పొద్దున్నుంచి చెట్టు కింద బీడీలు కాలుస్తున్న వేటగాళ్లు దగ్గరికొచ్చారు, ప్రశ్నలు మొదలుపెట్టారు. ఒడ్డుకి ఎంత దూరం? నూనె తేలిందా నీళ్ల మీద? తెప్పలు దించే టైము దొరికిందా? ఒక ముసలి సరంగు, అంటే పడవ నడిపేవాడు, అడిగాడు:

"పక్కన ఇంకో ఓడ లేదా? వెనక్కి రాలేదా?"

"ఉంది. కిర్పాణ్. దాని మీద కూడా టార్పెడో వదిలారు. జలాంతర్గామి ఇంకా కిందే ఉంది. మనుషుల్ని ఎక్కించుకోడానికి ఆగితే ఆ ఓడా పోయేది. మర్నాడు వచ్చి తీశారు, అప్పటికి బతికున్నవాళ్లని."

సరంగు కాసేపు ఏమీ అనలేదు. "మేమైతే ఒకడు నీళ్లలో పడితే వదిలి రామండీ. యుద్ధమంటే అదన్నమాట" అన్నాడు.

మా అత్త, అంటే బాబాయి అక్క, అప్పటిదాకా గోడవారన కూర్చుని ఉంది. లేచొచ్చి అడిగింది: "నీళ్లు బాగా చల్లగా ఉండి ఉంటాయా బాబూ?"

"ఆ వైపు సముద్రం డిసెంబరులో అంత చల్లగా ఉండదమ్మా" అన్నాడాయన.

ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ ఆమెకు ఆ మాట చెప్పలేకపోయారు, మాకెవరికీ తెలియదు గనక. మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఆ అరగంటే. పొద్దుటి నుంచి జరిగిన సభ మొత్తం కలిపినా దానికి సరిరాదు. తెలిసిన మనిషి వచ్చి, జరిగింది జరిగినట్టు, ఊరివాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. వీరుడు, ధీరుడు, అమరుడు అన్న మాటలు ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు.

ఢిల్లీలో 2019లో జాతీయ యుద్ధ స్మారకం కట్టారు. అక్కడి త్యాగ చక్రంలో గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. మంచి పని. కానీ మా అత్త ఢిల్లీ వెళ్లగలదా? పేరు దేశ రాజధానిలో ఉండాలి, పుట్టిన ఊళ్లోనూ ఉండాలి.

పేరు లేకపోతే ఏమవుతుందో చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, మనవాళ్లు వేలల్లో పోయారు, సైన్యానికి దారులు, వంతెనలు వేసే మద్రాస్ శాపర్లు కూడా ఉన్నారు. బస్రాలో కట్టిన స్మారకం మీద బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. మన దేశం వాళ్లలో మాత్రం అధికారుల పేర్లే చెక్కి, మామూలు సిపాయిలను రెజిమెంటుకు ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఇలాంటి స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషనే 2021లో ఇలాంటి వివక్ష జరిగిందని ఒప్పుకుంది. మనవాళ్లను అంకె చేసినందుకు తెల్లవాళ్ల మీద కోపం తెచ్చుకుంటాం సరే, మన ఊరి రాయి మీద మనమే వాడి పేరు తప్పు రాస్తే?

మీ ఇంట్లో ముత్తాతలెవరైనా రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెళ్లి తిరిగి రాలేదని విని ఉంటే, ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే వెతకొచ్చు. రంగూన్ స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. చాలా రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. స్పెల్లింగులు అడ్డదిడ్డంగా ఉంటాయి, నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. కృష్ణా జిల్లాను అప్పట్లో కిస్ట్నా అని రాసేవారు, అది గుర్తుంచుకోండి.

రాయి పెట్టించేవాళ్లకు ఒక్క మాట. మేము తర్వాత గుంటూరులో వేరే రాయి చెక్కించాం. ముందువైపు ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఓడ పేరు, ఎక్కడ మునిగింది, తేదీ. అంతే. చందాలిచ్చినవాళ్ల పేర్లు వెనకవైపు. ఇద్దరు ముగ్గురు అలిగారు, అయినా మార్చలేదు. ఇప్పుడు ఏటా డిసెంబరు 9న పదో తరగతి పిల్లల్లో ఒకరు ఆ రాత్రి జరిగింది చదువుతారు, పెద్దాయన చెప్పింది చెప్పినట్టుగా రాసిపెట్టుకున్నాం. అతిథుల్ని పిలవం.

చీరాల నుంచి భీమునిపట్నం దాకా మీ ఊళ్లో ఎవరైనా ఖుక్రీ మీద పోయి ఉంటే కింద రాయండి. ఊరు, ఇంటిపేరు తెలిసినా చాలు, మిగతాది నేను వెతుకుతాను.