అడగండి – చెబుతాం

ప్రశ్న: అగ్నిపర్వతాల లావా వల్ల కొత్త నేల ఏర్పడుతుందని చదివాను. అన్నిటికంటే కొత్త భూపటలం ఇప్పుడు ఎక్కడ తయారవుతోంది?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మన కంటికి కనబడే అగ్నిపర్వతాల వాటా ఇందులో తక్కువే. కొత్త పటలంలో అత్యధిక భాగం సముద్రం అడుగున, సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున మహాసముద్రాలన్నిటి గుండా సాగే మధ్యసముద్ర రిడ్జిల (సముద్రగర్భ పర్వత శ్రేణుల) వెంట పుడుతోంది. అక్కడ భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని పెద్దపెద్ద పలకలు, ఒకదానికొకటి దూరం జరుగుతుంటాయి. ఆ వేగం అట్లాంటిక్‌లో ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు. తూర్పు పసిఫిక్‌లో కొన్నిచోట్ల 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

లోపల ఎక్కడో వేడి పెరిగి రాయి కరుగుతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఇక్కడ అదనపు వేడితో పనే లేదు. ఫలకాలు విడిపోతున్నచోట అడుగునున్న ప్రావారపు (పటలం కింది పొర) రాయి, ఘనరూపంలో ఉంటూనే, మెల్లగా పైకి లేస్తుంది. పైకి వచ్చేకొద్దీ దానిమీది ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడితో పాటు ద్రవీభవన స్థానం కూడా తగ్గుతుంది కనుక, అందులో కొంత భాగం ఉన్న వేడికే కరిగిపోతుంది. ఆ ద్రవం సముద్రపు చన్నీటిని తాకగానే పైపొర గట్టిపడుతుంది, లోపలిది పగుళ్లలోంచి మళ్లీ ఉబికి వస్తుంది, చివరకు తలగడలు పేర్చినట్టు బసాల్ట్ గుట్టలు మిగులుతాయి. ఇలా తయారైన పటలం మందం మొత్తం ఆరేడు కిలోమీటర్లు.

మనకు దగ్గరలో అరేబియా సముద్రపు అంచున ఉన్న కార్ల్స్‌బర్గ్ రిడ్జి ఇలాంటిదే. 1962లో అక్కడ తీసిన అయస్కాంత కొలతలు కూడా ఆధారంగా బ్రిటిష్ భూశాస్త్రవేత్తలు ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో సముద్రతలం విస్తరిస్తోందని చూపారు. పుట్టిన పటలం తిరిగి లోపలికి దిగిపోతుంది కూడా. అందుకే హైదరాబాద్ గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు కాగా, మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన పటలం దొరకడం అరుదు.

ప్రశ్న: అన్నంలోనూ వరిగడ్డిలోనూ ఉండేది గ్లూకోజేనని మా లెక్చరర్ చెప్పారు. మరి గడ్డి మనకెందుకు అరగదు?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: ఇటుక ఒకటే, పేర్పు వేరు. అన్నంలోని పిండిపదార్థంలో గ్లూకోజ్ అణువులు ఆల్ఫా బంధాలతో కలుస్తాయి కాబట్టి గొలుసు మెలితిరిగి, ఎంజైములకు సులువుగా అందుతుంది. గడ్డిలోని సెల్యులోజ్‌లో ఉండేవి బీటా బంధాలు. ఒక్కో గ్లూకోజ్ తన ముందుదానికి తిరగేసినట్టు అమరడంతో గొలుసులు తిన్నగా సాగి, పక్కపక్కన ఒకదానినొకటి పట్టుకొని నారలా బిగుసుకుంటాయి. మన లాలాజలంలోని అమైలేజ్ ఆల్ఫా బంధాన్నే తెంచగలదు. ఉత్త అన్నం ముద్దను కాసేపు నమిలి చూడండి, తియ్యబడుతుంది. అది అమైలేజ్ విడదీసిన మాల్టోజ్ రుచి. అన్నట్టు, గడ్డిని ఆవు కూడా సొంతంగా అరిగించుకోలేదు. దాని పొట్టలోని మొదటి అరలో ఉండే సూక్ష్మజీవులే ఆ బీటా బంధాలను తెంచిపెడతాయి.